తొట్టి పక్క మడి, మొదటి వరస

షాపు మూసి ఇంటికొచ్చేసరికి నాలుగున్నర, ఈ రోజుల్లో ఐదున్నర దాటితే మట్టి రంగూ గింజ రంగూ ఒకటైపోతాయి, అంటే నా చేతిలో ఉన్నది ఒక్క గంట, ఈ గంటలో అక్క దాచిన బఠాణీ గింజలు దొరకాలి, దొరక్కపోతే గిన్నెలో నానుతున్న కొన్న గింజలే గతి. అవి పొద్దున నానేశాను. గులాబీ రంగు మందు పూసిన గింజలు, నీళ్ళన్నీ గులాబీ రంగుకు తిరిగాయి, మందు గింజలు నానెయ్యకూడదని పొట్లం వెనక చిన్న అక్షరాల్లో ఉంది, నానేశాక చదివాను, అక్క ఉంటే ఈపాటికి నాకు తలంటు పోసేసేది. నానిన గింజ రేపటిదాకా ఆగదు. మడి సిద్ధంగా ఉంది, నీళ్ళ తొట్టి పక్క మడి, నిన్న ఆదివారం కదా అని తవ్వి, ఎరువు కలిపి, చదును చేసి, తీగ పాకడానికి కర్రలు పాతి, కర్రకీ కర్రకీ మధ్య తాడు లాగి కట్టాను, సరిగ్గా తొమ్మిదేసి అంగుళాల ఎడంలో, టేపుతో కొలిచి మరీ. మడిని కొలిచే దర్జీని నిన్నొక్కణ్ణే చూశానురా అనేది అక్క, ముల్లంగికి చొక్కా కుడతావా ఏంటి అనేది. నన్ను టేపూ అని పిలిచేది. మెడలో టేపు తియ్యడం మరిచిపోయి అన్నానికి కూర్చునే అలవాటు నాది, ఆ పిలుపు అలా అతుక్కుపోయింది, అసలు పేరుతో ఎప్పుడు పిలిచిందో గుర్తులేదు. ఇప్పుడు ఆ పేరుతో పిలిచేవాళ్ళు లేరు. టేపు మాత్రం మెడలోనే ఉంది.

అక్క గింజల పెట్టె ముందు కూర్చున్నాను. పెట్టె అంటున్నాను గానీ అది పోస్టాఫీసులో ఉత్తరాలు వీధులవారీగా వేరుచేసే గళ్ళ చెక్కలో ఒక ముక్క. ఆఫీసు కొత్త భవనంలోకి మారినప్పుడు పాత సామాను పారేస్తుంటే అడిగి తీసుకుని, సైకిలు వెనక కట్టుకుని, ఎక్కకుండా నడిపించుకుంటూ తెచ్చింది, మూడు వరసలు, వరసకు ఆరు గళ్ళు. ముప్పై నాలుగేళ్ళు నిలబడి ఉత్తరాలు వేరుచేసిన మనిషి, రిటైరయ్యాక కూడా ఆ చెయ్యి ఊరుకోలేదు. ఒక్కో గడిలో ఒక్కో కవరు, కవరు మీద చిరునామా, గింజ కూడా ఎక్కడికో చేరవలసిన ఉత్తరమే అన్నట్టు. ముల్లంగి, గోడవారన మడి, రెండో వరస. పాలకూర, మెట్ల పక్క మడి, నీడ తగిలే వైపు. క్యాబేజీ, నారు పోసి నెల తర్వాత నడిమి మడి. బీట్‌రూట్, ఒక్క గింజకు రెండు మూడు మొలుస్తాయి, జాలిపడకుండా ఒక్కటే ఉంచాలి. ఆ జాలిపడకుండా అన్న మాట నాకోసం రాసింది, ఎందుకంటే ఒక ఏడు నేను ఏదీ పీకలేక అన్నీ ఉంచేశాను, దుంపలు గోలీకాయలంతయ్యాయి. ప్రతి ఏడూ పాత కవర్లు చించేసి కొత్తవి రాసేది, అదీ చలికాలం సగంలో ఉండగానే, మొక్క ఇంకా గింజ కట్టక ముందే, వచ్చే ఏటి చిరునామా రాసి పెట్టుకునేది. పోయిన ఏడు కూడా రాసింది. ఆ కవర్ల ప్రకారమే ఈ ఏడు అన్నీ వేశాను, ముల్లంగి అప్పుడే రెండాకులు తొడిగింది, పాలకూర గీత గీసినట్టు వచ్చింది, మెంతికూర ఒత్తుగా లేచింది. పై వరసలో మొదటి గడి బఠాణీది. బఠాణీ, తొట్టి పక్క మడి, మొదటి వరస. చిరునామా ఉంది. కవరు ఖాళీ.

ఖాళీ అని తెలిసి పది రోజులైంది. నొక్కి చూశాను, తిరగేసి దులిపాను, వెలుతురుకు పెట్టి చూశాను, మళ్ళీ గడిలో పెట్టేశాను. అక్క పద్ధతి నాకు తెలుసు, కాయ తీగ మీదే ఎండి, ఊపితే గలగలమనాలి, అప్పుడు కోసి, వలిచి, వారం రోజులు నీడన ఆరబోసి, కవర్లో పోసి అంటించేది. ఈ గింజలు ఆరబోయడం దాకా వచ్చి ఎక్కడో ఉండిపోయి ఉంటాయి, ఏ డబ్బాలోనో, ఏ సీసాలోనో. పప్పుల డబ్బాలు చూశాను. కుట్టుమిషను సొరుగు చూశాను, బొత్తాల మధ్య ఏదో గుండ్రంగా తగిలింది, తీసి చూస్తే అది కూడా బొత్తామే. ఆమె ఖాకీ కోటు జేబుల్లో చూశాను, ఎండిన కొత్తిమీర గింజలు రెండు, ఒక గుండుసూది. ఆ కోటు పోస్టాఫీసుది, రిటైరయ్యాక చలి పొద్దుల్లో తోటలోకి వేసుకునేది, క్యాబేజీ మీద పురుగులు ఏరడానికి వెళ్ళేటప్పుడు డ్యూటీకి వెళ్తున్నా అనేది. పోయిన ఏడు చలి మొదలైన కొత్తలో, ఒరేయ్ కోటు వదులైందిరా, కాస్త లోపలికి తియ్యి అంది. రెండు పక్కలా అరంగుళం తీశాను. రెండు నెలలు తిరక్కుండా మళ్ళీ తెచ్చింది. సరిగ్గా తినవు, చలిలో తోటలో దొర్లుతావు అని విసుక్కుంటూ టేపు చుట్టాను, టేపు చెప్పింది, రెండు నెలల్లో నాలుగంగుళాలు. రెండు నెలల్లో నాలుగంగుళాలు తగ్గిన మనిషి లోపల ఏదో ఉందని ఏ దర్జీకైనా తెలుస్తుంది. నాకూ తెలిసింది. కొలత పుస్తకంలో రాసుకున్నాను, పుస్తకం మూసేశాను, కోటు కుట్టి ఇచ్చాను, పర్లేదు అంది.

పర్లేదు అంటే అక్క నిఘంటువులో మహా గొప్ప మాట. అంతకు మించి ఎవరినీ మెచ్చుకోలేదు, నన్నసలు మెచ్చుకోలేదు. నాన్న పోయాక ఆయన ఉద్యోగం తనకొచ్చింది, నన్ను దర్జీ షాపులో పనికి పెట్టింది, తనకు సంబంధాలు చూసేవాళ్ళు లేకపోయారు, నాకు చూసే తీరిక ఆమెకు చిక్కేలోగా నాకు వయసు మీరింది, అలా ఇద్దరం ఈ రెండు గదుల్లో, ఈ చిన్న పెరడుతో ఉండిపోయాం, తిట్టడానికి ఆమెకు నేనొక్కణ్ణే దక్కాను, తనివి తీరా తిట్టింది. నీళ్ళు వేరుకు పొయ్యరా, ఆకుకు కాదు, అదేమైనా మొహం కడుక్కుంటుందా. కాలీఫ్లవర్ ఆకులు అంత బిగించి కడతావేంట్రా, ఊపిరాడొద్దూ. ఒక ఏడు నేను తెలివితేటలు చూపించి క్యారెట్‌కు నారు పోసి, పీకి, టేపు పెట్టి మూడేసి అంగుళాలకు నాటాను. క్యారెట్ నారు పీకి నాటేది కాదని నాకేం తెలుసు. తవ్వితే ఒక్కోటి రెండు కాళ్ళు చాపుకుని వచ్చింది. అక్క దాన్ని పట్టుకొచ్చి నా మిషను మీద పడుకోబెట్టి, కొలత తీసుకో, దీనికి ప్యాంటు కుట్టాలి అంది. నెల రోజులు వచ్చినవాళ్ళందరికీ చెప్పింది. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తోంది, గోడ నీడ మెట్ల దాకా వచ్చేసింది, కూర్చుంటే కాదు, వెతకాలి.

ఎందుకంత పట్టుదల అంటే అవి అమ్మ బఠాణీలు. మేం ఊరు మారినప్పుడు నాకు నాలుగేళ్ళు, అక్కకు పదకొండు, సామానంతా లారీ ఎక్కించాక అమ్మ మళ్ళీ లోపలికి పరుగెత్తి చిన్న గుడ్డమూట ఒకటి తెచ్చి చేతిసంచి అడుగున పెట్టుకుందట, నగలు కాబోలు, మనం ఉన్నవాళ్ళమే కాబోలు అనుకుందట అక్క, దారిలో అమ్మ నిద్రపోతుంటే విప్పి చూస్తే ఎండు బఠాణీలు. చిన్న గింజ, ఎండితే ముడతలు పడుతుంది, కొన్న గింజలా నున్నగా ఉండదు. కాయ పొట్టిది, నాలుగు గింజలు, మహా అయితే ఐదు. కానీ పచ్చిది నోట్లో వేసుకుంటే ఇంకోటి వేసుకోకుండా ఉండలేం. అమ్మ కొన్నేళ్ళు దాచింది, అమ్మ పోయాక అక్క, ఏ ఏడూ తప్పకుండా, ఈ ఏటి గింజ వచ్చే ఏటికి, నలభై తొమ్మిది చలికాలాలు. వీధంతా ముల్లంగి పంచేది, పాలకూర కట్టలు కట్టి గేటుకు తగిలించేది, బఠాణీ గింజ మాత్రం ఒక్కరికీ ఇచ్చేది కాదు, అడిగినవాళ్ళతో పాత గింజలండీ మొలవవు అని మొహమ్మీదే అబద్ధం చెప్పేది. ఇచ్చి ఉంటే ఇప్పుడు ఏ ఇంటికో వెళ్ళి అడిగేవాణ్ణి. ఇవ్వలేదు. ఉంటే ఈ ఇంట్లో ఉండాలి, లేకపోతే లోకంలోనే లేవు.

ఆ బఠాణీలతోనే కదా అక్క నన్ను ఒకే ఒక్కసారి మెచ్చుకుంది. ఇది నేను అందరికీ చెబుతుంటాను, భుజం కొలత తీసుకుంటూ తీసుకుంటూ, మా అక్క చివరి రోజుల్లో నన్ను మెచ్చుకుందండీ అని మొదలుపెడతాను, వాళ్ళు చేతులు చాపి నిలబడి ఉంటారు కాబట్టి వినక తప్పదు. ఆస్పత్రిలో చేర్చి పన్నెండు రోజులు, ఏం పెట్టినా వద్దు అనేది, డాక్టరు ఏదైనా సరే ఇష్టమైంది తిననివ్వండి అన్నాడు, ఆ మాట ఎప్పుడంటారో తెలియనంత పసివాణ్ణి కాదు, అయినా ఎగిరి గంతేశాను, ఇష్టమైంది నాకు తెలుసుగా. మర్నాడు సాయంత్రం షాపు మూసి వచ్చి తోటలోకి వెళ్ళాను. అన్ని తీగలకూ బూడిద తెగులు పట్టి కాపు అయిపోయింది, ఒక్క తీగకే నిండు కాయలున్నాయి, మొదటి వరసలో, తొట్టి వైపు. అందరూ ఆస్పత్రికి పూలగుత్తులు తెస్తారు, నేను బఠాణీ గుత్తి పట్టుకెళ్ళాను, కాయలు ఏరకుండా కత్తెరతో తీగనే కోసి, కాడలతో సహా. అక్క లేచి కూర్చుంది. ఒక్కో కాయ వలుచుకుంటూ అన్నీ తిన్నది, పన్నెండు రోజుల తర్వాత మొదటిసారి, ఒక్క గింజ మిగల్చకుండా. మంచిపని చేశావురా అంది. పర్లేదు కాదు. మంచిపని చేశావు. ఆ మాట పట్టుకుని వచ్చాను ఇంటికి, తొమ్మిది రోజుల తర్వాత ఆమె పోయింది, ఆ మాట మాత్రం ఈ తొమ్మిది నెలలూ నన్ను నిలబెట్టింది. అన్నిట్లో తప్పు చేసిన తమ్ముడు ఒక్కటి సరిగ్గా చేశాడు.

మళ్ళీ కవరు తీశాను. వెలుతురు తగ్గుతోందని కిటికీ దగ్గరకు తెచ్చి, షాపులో సూదిలో దారం ఎక్కించడానికి పెట్టుకునే కళ్ళజోడు పెట్టుకున్నాను, ఇన్నాళ్ళూ ఈ జోడు లేకుండానే చూశాను. చిరునామా కింద, కవరు అడుగు మడత మీద, గడిలో పెడితే కనబడని చోట, పెన్సిలుతో సన్నగా ఇంకో వాక్యం ఉంది. ఎర్రదారం తీగవి మాత్రమే. ఒకసారి చదివాను. ఎర్రదారం. ప్రతి చలికాలం ఒకరోజు అక్క నా షాపుకొచ్చేది, గుమ్మంలోనే నిలబడి, టేపూ, జానెడు ఎర్రదారం కత్తిరించు అనేది, నేను మిషను మీదనుంచి తల ఎత్తకుండా కత్తిరించి ఇచ్చేవాణ్ణి. ఎందుకని ఒక్క ఏడూ అడగలేదు. తీగలు కట్టడానికి నా దగ్గర గుడ్డపీలికలు సంచుల కొద్దీ పట్టుకెళ్ళేది, ఇదీ అలాంటిదే అనుకున్నాను, కాదు, అలా కూడా అనుకోలేదు, అసలేమీ అనుకోలేదు. అంటే తీగలన్నిట్లో మంచిది ఒకటి చూసి దానికి ఎర్రదారం కట్టేదన్న మాట, అది కోసేది కాదన్న మాట, మిగతావి తినడానికి, అది విత్తనానికి. పక్కింటి కుళాయి తిప్పారు, బకెట్లో నీళ్ళు పడుతున్నాయి, ఆ చప్పుడు నా చెవుల్లోపలే పడుతున్నట్టుంది. ఒక్క తీగకే నిండు కాయలున్నాయి. మొదటి వరసలో. తొట్టి వైపు.

లేదు, దానికి దారం లేదు, ఉంటే కనబడదా, రంగు గుడ్డల్లో పుట్టి పెరిగినవాణ్ణి, ఎరుపుకీ ముదురు ఎరుపుకీ తేడా చీకట్లో కూడా చెప్పేవాణ్ణి. ఆ సాయంత్రం గుర్తు తెచ్చుకుంటున్నాను. షాపు నుంచి వచ్చాను, కత్తెర జేబులోనే ఉంది, చలి, వేళ్ళు కొంకర్లు పోతున్నాయి, ఆస్పత్రిలో ఆరు దాటితే లోపలికి వదలరు, ఆ తొందర, కాయలు చేత్తో తడిమి చూశాను, గట్టిగా నిండుగా ఉన్నాయి, పై చివర నుంచి మూరెడు కోశాను, పీలికలతో కట్టిన చోట పీలికలు తెంపేశాను, కాగితంలో చుట్టాను. దారం కనబడలేదు. చూడలేదా, కనబడలేదా. ఎంత తలుచుకున్నా నా చేతులే కనబడుతున్నాయి తప్ప తీగ కనబడటం లేదు. ఒకవేళ అక్క ఆస్పత్రిలో చేరకముందే ఎర్రదారం తీగ కాయలు తనే కోసి ఉంటే, నేను కోసింది వేరే తీగ అయి ఉంటే, ఆ గింజలు ఎక్కడో ఉండి ఉంటే. అలా అయి ఉండాలి. ఆమె జాగ్రత్త నాకు తెలియదా. ఇక వెతకనిది ఒక్కటే ఉంది, తలుపు వెనక కొక్కేనికి వేలాడుతున్న సంచి.

ఆస్పత్రి నుంచి వచ్చిన సంచి అది. ప్యాంటు గుడ్డల ముక్కలతో నేనే కుట్టిన సంచి, అక్క పోయిన రోజు నర్సమ్మ ఆమె సామాను అందులో పెట్టి నా చేతికిచ్చింది, తెచ్చి కొక్కేనికి తగిలించాను, అంతే, తలుపు వేసినప్పుడల్లా అది కదులుతుంది, నేను అటు చూడను. ఇప్పుడు దించాను. ఇంత తేలిక అనుకోలేదు. ఒడిలో పెట్టుకుని ఒక్కోటి తీశాను. తువ్వాలు, మడత పెట్టి ఉంది, విప్పి దులిపాను, ఏమీ రాలలేదు. దువ్వెన. చెంచా, గ్లాసు. సగం వాడిన సబ్బు, దానికి అతుక్కుని ఒక తెల్లవెంట్రుక. దాన్ని తియ్యలేదు. అడుగున కళ్ళజోడు పెట్టె. జోడు చివరి రోజుల్లో పెట్టుకోలేదు, కానీ పెట్టె దిండు కింద ఉంచుకునేది, నేను సర్దబోతే ఉండనీరా అనేది. ఊపి చూశాను, జోడు చప్పుడే. తెరిచాను. జోడు కింద, పెట్టె అడుగు గుడ్డ మీద చుట్టగా ఎర్రదారం.

నా దారమే. రెండు పోగులు కలిపి మెలేసినది, నా షాపులో చొక్కా బొత్తాలకు వాడేది. ముడి విప్పలేదు, ఉత్తరాల కట్టకు వేసే ముడి అది, లాగితే జారుతుంది, కోసిన కాడ చివర నుంచి జార్చి తీసింది. ముడి మధ్యలో ఎండిన నులితీగ ఒకటి ఉంది, గోధుమరంగు, వెంట్రుకంత. ఇప్పుడు కనబడుతోంది. ఆ సాయంత్రమంతా ఇప్పుడు కనబడుతోంది. కాగితం విప్పి గుత్తి ఒళ్ళో పెట్టుకుంది. వెంటనే తినలేదు. చెయ్యి కాడ దగ్గర ఆగిపోయింది, చాలాసేపు ఆగింది, నేను మంచినీళ్ళు పోస్తున్నాను. ఏ తీగవిరా అంది. తొట్టి పక్కదే అక్కా, అన్నిట్లో పెద్ద కాయలు దానికే ఉన్నాయి అన్నాను. ఇంకేమైనా ఉన్నాయా దాని మీద అంది. ఒక్కటి కూడా లేదు, అన్నీ నీకే తెచ్చేశాను అన్నాను, గర్వంగా అన్నాను, ఛాతీ విరుచుకుని అన్నాను. గుత్తి దుప్పటి కిందికి లాక్కుంది. చలేస్తోందా అన్నాను. ఊఁ అంది. దుప్పటి కింద ఆ వేళ్ళు ఏం చేస్తున్నాయో నేను చూడలేదు, కిటికీ మూయడానికి వెళ్ళాను. నేను తిరిగి వచ్చేసరికి మొదటి కాయ వలుస్తోంది.

నలభై తొమ్మిది చలికాలాలు ఆమె ఒళ్ళో ఉన్నాయి. ముదిరినవి నాలుగు పక్కన పెట్టుకుంటే చాలు, ఆ నాలుగు ఆరబెడితే ఏదో ఒకటి మొలిచేదేమో, కానీ పక్కన పెడితే నేను ఎందుకని అడుగుతాను, అడిగితే చెప్పాలి, చెబితే నాకు తెలుస్తుంది. అన్నీ తిన్నది. మింగుడు పడటం లేదు, ఒక్కో గింజ మింగడానికి గొంతు పట్టుకుంది, నేను అది ఆకలి అనుకున్నాను. నాకు రెండు పెట్టింది, తిన్నాను, ఎంత తియ్యగా ఉన్నాయక్కా అన్నాను. గజిబిజిగా రాసిన చిరునామాలు చదివిన కళ్ళు, నా మొహం చదవడం ఎంత పని ఆమెకు. ఎంత తిట్టాలి. క్యారెట్‌కు నెల రోజులు తిట్టిన మనిషి, దీనికి జన్మంతా తిట్టొచ్చు, ఇంకో పదేళ్ళు బతికుంటే పదేళ్ళూ తిట్టి ఉండేది. తిట్టడానికి తనకు రోజులు లేవని ఆమెకు తెలుసు. తిట్టి వెళ్ళిపోతే ఆ తిట్టుతో నేనొక్కణ్ణే ఈ ఇంట్లో ఉండాలని తెలుసు. అందుకని మంచిపని చేశావురా అంది. నేను తొమ్మిది నెలలుగా ఊరంతా చెప్పుకుంటున్న మాట అది. నాకు కుట్టడం నేర్పిన ముసలాయన అనేవాడు, గుడ్డ తప్పు కోశావని కోసేటప్పుడు తెలియదురా, తొడుక్కున్నప్పుడు తెలుస్తుంది అని. సరిగ్గా చేసిన ఆ ఒక్కటీ కూడా తప్పే.

గోడ నీడ తొట్టి దాటింది. దారాన్ని నులితీగ ఊడిపోకుండా ఎత్తి బఠాణీ కవర్లో పెట్టాను, కవరు పై వరసలో మొదటి గడిలో పెట్టాను. ఏ తీగకు కట్టాలో ఆమె ఎలా తేల్చుకునేదో నాకు తెలియదు, తల ఎత్తి ఒక్కసారి అడిగి ఉంటే చెప్పేది, ఎందుకురా నీకు, ముల్లంగి కొలుచుకో అని ముందు తిట్టి, తర్వాత చెప్పేది. గిన్నె తీసుకుని పెరట్లోకి వెళ్ళాను. గింజలు ఉబ్బి ఉన్నాయి, ముట్టుకుంటే వేళ్ళు గులాబీ రంగయ్యాయి. మెడలో టేపు తీసి తొట్టి గోడ మీద పెట్టాను. మడి దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాను, మట్టి చల్లగా ఉంది, మొదటి వరస, తొట్టి వైపు చివర. అక్క లెక్క వేలికి ఒక్క కణుపు లోతు, అంతకు మించి దిగితే గింజకు పైకి వచ్చే ఓపిక ఉండదురా అనేది, ప్రతి ఏడూ అనేది, నేను గింజ ముట్టుకోక ముందే అనేది. చూపుడు వేలు మొదలుదాకా దించాను. తెలిసే దించాను. గింజ వేశాను, మన్ను కప్పాను, చెయ్యి తియ్యకుండా అలాగే ఆగాను.

"తిట్టక్కా," అన్నాను. పైకే అన్నాను, గోడ అవతల వినబడేంత గట్టిగా.

పక్కింట్లో కుళాయి కట్టేశారు. ముల్లంగి ఆకులు కొంచెం కదిలి ఊరుకున్నాయి.  గిన్నెలో ఇంకా బోలెడు గింజలున్నాయి, వెలుతురు ఒక్క వరసకు సరిపోయేంత ఉంది. మట్టిలో వేలు పెట్టి, తడిమి, ఆ గింజను పైకి తీసి, ఒక్క కణుపు లోతులో మళ్ళీ పెట్టాను.